బాల్మోరాలో దారి అడిగితే

(నెల్లూరులో డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్లు ముందుకు రండి నాయనా, ఫ్యాన్ కింద కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఎల్డర్ స్క్రోల్స్ అనే కంప్యూటర్ గేముల గురించి మాట్లాడమని మీవాళ్లు పిలిచారు. "పాతవి గొప్పవా, కొత్తవి గొప్పవా తేల్చి చెప్పండన్నా" అన్నారు. తీర్పు చెప్పడానికి నేను రాలేదు. ఇరవై ఏళ్లుగా ఈ గేములు ఆడుతున్నాను. ఇన్నేళ్లలో ఒక్క విషయం నన్ను వదలకుండా పట్టుకుంది. అది దారి చెప్పడం. ఒక మనిషి ఇంకో మనిషికి దారి చెప్పడం. పాత గేముకీ కొత్త గేముకీ ఉన్న తేడా నాకు అక్కడే కనపడుతుంది.

స్కైరిమ్ ఆడినవాళ్లు చేతులెత్తండి. బాగానే ఉన్నారు. ఆబ్లివియన్? సగం మంది. మారోవిండ్? ముగ్గురు. సరే, మిగిలినవాళ్లకి వరస చెబుతాను. 1994లో అరీనాతో ఈ సిరీస్ మొదలైంది, 1996లో డాగర్‌ఫాల్ వచ్చింది. డాగర్‌ఫాల్‌లో ఊళ్లూ గుళ్లూ గుహలూ కలిపి వేలకు వేలు. ఎక్కువ భాగం కంప్యూటర్ లెక్కలేసి పుట్టించినవే, అందుకే ఒక ఊరు చూస్తే ఇంకో ఊరు చూసినట్టే ఉంటుంది. ఈరోజు నేను మాట్లాడేది ఆ తర్వాతి మూడింటి గురించి: 2002లో మారోవిండ్, 2006లో ఆబ్లివియన్, 2011 నవంబరులో స్కైరిమ్. మూడూ బెథెస్డా అనే గేముల కంపెనీ వాళ్లవే. మూడింట్లోనూ మనం ఖైదీగానే మొదలవుతాం. మూడింటికీ సంగీతం జెరెమీ సోల్.

మాది ఆత్మకూరు పక్కన పల్లె. ఇంటర్‌కి నెల్లూరు వచ్చి మేనమామ ఇంట్లో ఉన్నాను. మామకి కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉండేది. సామాన్ల కోసం నెలకోసారి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయేవాడు. 2004లో ఒకసారి అట్ట అంచులు నలిగిపోయిన మారోవిండ్ పెట్టె తెచ్చిచ్చాడు. లోపల సీడీలతో పాటు మడతపెట్టిన కాగితం మ్యాపు ఒకటి ఉంది. వార్డెన్‌ఫెల్ అనే దీవి మ్యాపు. మధ్యలో పెద్ద అగ్నిపర్వతం, పేరు రెడ్ మౌంటెన్. గమ్ము లేక అన్నం మెతుకులతో దాన్ని గోడకి అంటించాను. మా అత్తయ్య తిట్టింది కానీ తీయించలేదు.

గేము మొదట్లో ఓడలో తెచ్చి సైడా నీన్ అనే ఊళ్లో దించుతారు. తడ దాటాక పులికాట్ పక్కన బురద నేలలు చూశారు కదా, అట్టాంటి చోటు. చేతికి ఒక పొట్లం ఇచ్చి, బాల్మోరా అనే ఊళ్లో కైయస్ కొసాడెస్ అనే ఆయనకి అప్పజెప్పమంటారు. ఆయన ఇల్లెక్కడో తెలియకపోతే సౌత్ వాల్ అనే సారాయి దుకాణంలో అడగమంటారు. అంతే. ఎటు పోవాలో చూపించే బాణం స్క్రీన్ మీద ఉండదు, చుక్క ఉండదు. ఊరికి పోవాలి, దుకాణం ఎక్కడుందో దారిన పోయేవాళ్లని అడగాలి, దుకాణంలో ఆయన గురించి అడగాలి. ఇంగ్లీషులో రాసి ఉన్న ఆ మాటలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. నాకు ఇంగ్లీషు చదవడం అలవాటైంది ఆ గేము దగ్గరే.

ఆ కొసాడెస్ ఇంకొకాయన దగ్గరికి పంపుతాడు, ఆయన పేరు హాస్ఫాట్. ఈయన ఆర్క్‌న్‌థాండ్ అనే పాత శిథిలాల్లోంచి ఒక పెట్టె తెమ్మంటాడు. ఆయన చెప్పే దారి నా మాటల్లో చెబుతాను. ఊరికి దక్షిణం పక్క బయటికి రా. నది దాటి తూర్పుకి తిరుగు. మూన్‌మాత్ అనే కోట వస్తుంది, దాని పక్కగా పో. లావా పారి ఎండిపోయిన పెద్ద లోయ ఉంటుంది, దాని మీద ఎప్పటిదో పాత వంతెన. అది దాటితే కొండలో శిథిలాలు. ఇది చదవగానే నాకు మా తాత గుర్తొచ్చాడు. మా ఊళ్లో కొత్తవాడు దారి అడిగితే తాత చెప్పే తీరు అచ్చం ఇదే: "అట్టనే పో నాయనా, కల్వర్టు వస్తాది, దాటినాక యాపచెట్టు, ఆడ్నించి పోలేరమ్మ గుడి ఎడంచేతి పక్క ఉండేట్టు చూసుకో." కిలోమీటర్లు ఆయన లెక్కలో ఉండవు, కళ్లకి కనపడేవే ఉంటాయి.

మొదటిసారి కోట పక్కన నేను తప్పు మలుపు తిరిగాను. రాత్రయింది, వాన పట్టుకుంది. పైనుంచి క్లిఫ్ రేసర్లు, రెక్కలున్న బల్లుల్లాంటివి, అరుస్తూ వచ్చి పడతాయి. వెనక్కి కోట దాకా వచ్చి మళ్లీ చదువుకుని మళ్లీ బయల్దేరాను. వంతెన కనపడింది. దాటాను. కొండకి అతుక్కున్న పెద్ద రాతి తలుపు, దానికి పిడి లేదు, తోస్తే కదలదు. చాలాసేపు దాని ముందే తిరిగాను. చివరికి పక్కన నేలలోంచి పైకొచ్చిన పైపు ఒకటి, దానికి తిప్పే చక్రం కనపడింది. మన బోర్ల దగ్గర వాల్వ్ తిప్పినట్టు తిప్పాను. రాయి కదిలింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ అట్టే ఉంది. చక్రం ఉన్న చోటుని మెరిపించి చూపించి ఉంటే ఆ తలుపు నాకు ఇంతకాలం గుర్తుండేది కాదు.

ఇక్కడ కొంచెం పక్కకి పోతాను, ఎందుకంటే మారోవిండ్ మొదలుపెట్టిన పిల్లలు సగం మంది ఇదే చోట గేము మూసేస్తారు. ఎదురొచ్చిన పీతకి కత్తి తగిలినట్టు కళ్లకి కనపడుతుంది, గేము మాత్రం తగల్లేదంటుంది. "ఇది పాడైన గేమన్నా" అంటారు. పాడవలేదు, లోపల పాచికలు వేస్తోంది. లెక్క చెబుతాను. మీ కత్తి నైపుణ్యం 30, చురుకుదనం 40, అదృష్టం 40 అనుకోండి. 30కి చురుకుదనంలో ఐదో వంతు 8, అదృష్టంలో పదో వంతు 4 కలిపితే 42. మీ ఓపిక నిండుగా ఉంటే దాన్ని 1.25తో గుణిస్తుంది, 52 దాటుతుంది. ఓపిక సున్నా అయితే 0.75తో గుణిస్తుంది, 31 దగ్గర ఆగుతుంది. అందులోంచి ఎదుటివాడు తప్పించుకునే బలం తీసేస్తుంది. ఎదుటివాడి బలం పక్కన పెడితే, అదే మనిషి, అదే కత్తి, 100 దెబ్బలేస్తే 52 తగలాల్సిన చోట 31 తగులుతాయి. మరి ఓపిక ఎందుకు తగ్గింది? పరుగెత్తితే తగ్గుతుంది. స్కైరిమ్ అలవాటున్నవాళ్లు ఊరి నుంచి పీత దాకా పరుగెత్తుకుంటూ పోయి, ఆయాసం మీద కత్తి దూస్తారు. నడిచి పొండి. ఇది కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ఆటల నుంచి వచ్చిన పద్ధతి. చూడటానికి బాగుండదు, ఒప్పుకుంటాను. కానీ ఈ లెక్క వల్ల మనిషి దారి మీద నడుస్తాడు, నడిచేవాడు చుట్టూ చూస్తాడు, చూసేవాడికే తాత చెప్పిన యాపచెట్టు కనపడుతుంది.

దూరాలకి మారోవిండ్‌లో బళ్లున్నాయి. సిల్ట్ స్ట్రైడర్ అని తాటిచెట్టంత పొడుగు కాళ్ల పురుగు, దాని వీపు డొల్లలో కూర్చుని పోతారు. పడవలున్నాయి. మంత్రగాళ్ల సంఘంలో డబ్బు కడితే ఇంకో ఊరి సంఘానికి పంపుతారు. ఏ బండి ఏ ఊరికి పోతుందో మనమే గుర్తుపెట్టుకోవాలి. ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు ఎక్కడాగుతుందో తెలిసినట్టు.

ఆబ్లివియన్‌కి వద్దాం. మామ షాపులో ఉన్న మిషన్లేవీ దాన్ని మొయ్యలేదు, 2009లో ఉద్యోగం వచ్చాకే ఆడగలిగాను. మొదటి గంట నోరు తెరుచుకుని చూశాను. అడవిలో ఆకుల మధ్య నుంచి వెలుతురు పడుతుంది. ప్రతి మనిషీ నోటితో మాట్లాడతాడు. మొదట్లో కనపడే చక్రవర్తికి గొంతు ఇచ్చింది ప్యాట్రిక్ స్టీవార్ట్. ఊళ్లో జనం పొద్దున లేస్తారు, పనికి పోతారు, తింటారు, రాత్రికి తలుపేసుకుని పడుకుంటారు. మారోవిండ్‌లో జనం చాలావరకు పగలూ రాత్రీ నిలబడ్డ చోటే నిలబడి ఉంటారు. ఈ విషయంలో ఆబ్లివియన్ ఎన్నో మెట్లు పైన ఉంది, పాతదాన్ని ఎంత ప్రేమించినా ఇది కాదనలేను.

కానీ స్క్రీన్ కింద దిక్సూచి వచ్చింది, దాని మీద బాణం గుర్తు వచ్చింది. మ్యాపు తెరిస్తే పెద్ద పట్నాలన్నీ మొదటి రోజు నుంచే సిద్ధంగా ఉంటాయి, నొక్కితే అక్కడుంటాం. ఇంకొకటి, లోకం మనతో పాటే బలిసిపోతుంది. మన లెవెల్ పెరిగే కొద్దీ దారి దోపిడీ దొంగలు కూడా ఖరీదైన గాజు కవచాలేసుకుని వస్తారు. ఉదయగిరి దుర్గం ఎక్కినవాళ్లు ఇక్కడున్నారా? మనం ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా కొండ కూడా ఒక మెట్టు పెరిగితే ఎట్టా ఉంటుంది? పైకి పోయినట్టే ఉండదు. మారోవిండ్‌లో రెడ్ మౌంటెన్ పక్కకి మొదటి రోజు పోతే చస్తారు. నెల తర్వాత పోతే నిలబడతారు. కొండ అక్కడే ఉంది, మనం ఎదిగాం. 2025 ఏప్రిల్‌లో ఆబ్లివియన్‌ని కొత్త బొమ్మలతో మళ్లీ విడుదల చేశారు. లెవెల్ పెరిగే పద్ధతి బాగా సులువు చేశారు, పరుగు పెట్టారు. ఈ కొండ పెరిగే సంగతి మాత్రం అట్టే ఉంచారు.

స్కైరిమ్ దీన్ని కొంత సరిచేసింది. ఒక్కో చోటుకీ ఇంతకు తగ్గకుండా, ఇంతకు మించకుండా అని బలం కట్టారు. వైట్‌రన్ అనే పట్నం పక్కన రాక్షసులు మామత్‌లనే బొచ్చు ఏనుగుల్ని మేపుతుంటారు, ఆడినవాళ్లకి తెలుసు, తొలి రోజుల్లో వాళ్ల గద తగిలితే మనిషి ఆకాశంలోకి ఎగిరిపోతాడు. ఆ భయం మంచిది. ఫాస్ట్ ట్రావెల్, అంటే మ్యాపు మీద నొక్కి పోవడం కూడా, ఒకసారి మన కాళ్లతో పోయిన చోటుకే. పోని పట్నాలకి గుర్రపు బండి ఎక్కాలి. అంటే ఆబ్లివియన్ వదిలేసిన మంచి అలవాట్లు కొన్ని స్కైరిమ్ తిరిగి తెచ్చుకుంది. పాతది మంచి, కొత్తది చెడు అని గీత గీసేవాళ్లు ఇది చూడరు. మారోవిండ్‌లో 27 నైపుణ్యాలుంటే ఆబ్లివియన్‌లో 21 చేశారు, స్కైరిమ్‌లో 18. ఈ తగ్గింపు మీద ఏళ్ల తరబడి కొట్టుకుంటారు. నాకు అదంత పెద్ద విషయంగా అనిపించదు.

నాకు పెద్ద విషయం ఇది. కొంతమంది నాతో అన్నారు: "బాణం నచ్చకపోతే ఆపేసుకోండన్నా, స్కైరిమ్‌లో మార్కర్లు తీసేయొచ్చు." తీసేసి ఆడాను. ఒక ఊళ్లో ఒకాయన ఫలానా గుహకి పోయి ఫలానా వస్తువు తెమ్మన్నాడు. గుహ ఏ దిక్కునుందో అడగడానికి మాట లేదు. ఒప్పుకున్న పనులు రాసి ఉండే జర్నల్ తెరిస్తే వస్తువు తెమ్మని ఒక్క వాక్యం. మళ్లీ ఆయన దగ్గరికి పోతే అదే మాట. బాణం తీసేస్తే నా చేతిలో ఏమీ మిగల్లేదు. రివర్‌వుడ్ అనే ఊళ్లో మొదట్లో ఒక అమ్మాయి వంతెన దాకా మనతో నడిచొచ్చి కొండ పైకి చూపిస్తుంది, అట్టాంటివి కొన్ని ఉన్నాయి, చాలా బాగుంటాయి కూడా. మిగతా చోట్ల దారి చెప్పేవాడే లేడు. బాణం వచ్చింది కాబట్టి రాసేవాళ్లు ఇక దారి రాయలేదు.

ఎందుకు రాయలేదో న్యాయంగా చూడాలి. మాట రాయడం చౌక, గొంతుతో రికార్డు చేయడం ఖరీదు. మారోవిండ్‌లో ఒక వాక్యం మార్చాలంటే టైపు చేస్తే చాలు. స్కైరిమ్‌లో నటుణ్ని పిలవాలి. దానికి తోడు స్కైరిమ్‌లో రేడియంట్ క్వెస్టులనే పనులున్నాయి, ఏ గుహకి పంపాలో గేమే ఆడేటప్పుడు ఎంచుతుంది. ముందుగా రికార్డు చేసిన గొంతు ఏ గుహకి దారి చెబుతుంది? బాణం తప్ప వేరే గతి లేదు. ఒక సౌకర్యం ఇంకోదాన్ని లాక్కొచ్చింది. ఇందులో ఎవరి బద్ధకమూ లేదు.

పాతదాని తప్పులూ చెప్పాలి. మారోవిండ్‌లో కొన్నిచోట్ల గేము చెప్పే దారే తప్పు. వాళ్లు చెప్పిన దిక్కున గంటసేపు వెతికి, చివరికి వేరే దిక్కున కనుక్కున్న రోజులున్నాయి. జర్నల్ తేదీల వారీగా ఒకే పుస్తకంలా సాగుతుంది, 30 పనులు ఒప్పుకున్నాక మొదటి పని వివరం కోసం వెనక్కి తిప్పీ తిప్పీ వేళ్లు నొప్పి పుట్టేవి. 2002 చివర్లోనే ట్రిబ్యునల్ అనే అదనపు భాగంతో పనుల వారీ పట్టిక ఇచ్చారు, అది దొరికాక ఊపిరి పీల్చుకున్నాం. కథకి ముఖ్యమైన మనిషిని మనం చంపేసినా గేము ఆపదు. కథ తెగిపోయిందని ఒక మాట చెప్పి, కావాలంటే ఇట్టే బతకమని వదిలేస్తుంది. ఆబ్లివియన్ నుంచి అట్టాంటివాళ్లు స్పృహ తప్పి పడి మళ్లీ లేస్తారు. ఈ రెండింట్లో నాకు మొదటిదే ఇష్టం. అయితే 40 గంటల ఆట పోగొట్టుకున్న నా స్నేహితుడికి రెండోదే న్యాయం, అతని బాధ నేను చూశాను.

ఇప్పుడు ఒక ఊరి గురించి చెబుతాను. మారోవిండ్‌కి 2003లో బ్లడ్‌మూన్ అనే భాగం వచ్చింది. సోల్‌స్టైమ్ అనే మంచు దీవి. అక్కడ రేవన్ రాక్ అని గని పక్కన కొత్త ఊరు కట్టే పని మనకిస్తారు. ఖాళీ నేల. కొన్ని రోజులు పోయొస్తే గుడిసె లేస్తుంది, ఇంకొన్ని రోజులకి ఇళ్లు, అంగడి. ఇంటర్ రెండో ఏడాది సెలవులన్నీ ఆ ఊరికే పెట్టాను. స్కైరిమ్‌కి 2012 డిసెంబరులో డ్రాగన్‌బార్న్ అనే భాగం వచ్చింది. మళ్లీ అదే దీవి, కథలో దాదాపు 200 ఏళ్ల తర్వాత. పడవ దిగితే రేవన్ రాక్. నేను కట్టిన ఊరే. దాని మీదంతా బూడిద. సముద్రం అవతల రెడ్ మౌంటెన్ పొగ కక్కుతోంది, ఆ 200 ఏళ్ల మధ్యలో అది పేలి వార్డెన్‌ఫెల్‌ని నాశనం చేసింది. గని వట్టిపోయిందని మూసేశారు. జనం బూడిద ఊడ్చుకుంటూ బతుకుతున్నారు. నేను ఆ రేవులో నిలబడి, చాలాసేపు కీబోర్డు ముట్టుకోలేదు.

మా అమ్మమ్మ పుట్టిన ఊరు సోమశిల రిజర్వాయరు నీళ్ల కింద పోయింది. ఆమె పోయేదాకా ఆ ఊరి దారులు చెప్పేది. "రచ్చబండ కాడ్నించి ఎడంచేతికి తిరిగి, రెండిళ్లు దాటితే మంచినీళ్ల బాయి. బాయి కాడ్నించి చూస్తే మా కొట్టం కనపడతాది." నీళ్లల్లో ఉన్న ఊరికి ఆమె దారి చెబుతుంటే మేం పిల్లలం వినేవాళ్లం. ఇప్పుడు ఆ బావికి నేను కూడా దారి చెప్పగలను, ఎప్పుడూ చూడకపోయినా.

అట్టాగే బాల్మోరా నుంచి ఆర్క్‌న్‌థాండ్‌కి ఇప్పుడు కళ్లు మూసుకుని దారి చెప్పగలను. స్కైరిమ్‌ని మారోవిండ్ కంటే ఎక్కువ గంటలు ఆడాను. అందులో ఏ గుహకైనా దారి చెప్పమంటే చెప్పలేను. అన్ని గుహలూ చూశాను, అన్నిసార్లూ బాణాన్నే చూశాను.

ఇక్కడొక మాట సరిదిద్దుకోవాలి. ఇది నా ఒక్కడి అనుభవం. మా అక్క కొడుక్కి పదిహేనేళ్లు, ఒంగోలులో చదువుతున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు మారోవిండ్ ముందు కూర్చోబెడితే మొదట అడిగింది "మామా, బాణం యాడుంది?" అని. లేదంటే బిత్తరపోయాడు. కానీ అదే పిల్లోడు స్కైరిమ్ ఆడేటప్పుడు నేను వెనక కూర్చుని చూశాను. బాణం తూర్పుకి చూపిస్తుంటే వాడు ఉత్తరాన మంచు కొండ మీద ఏదో గోపురం కనపడిందని ఎక్కడం మొదలుపెట్టాడు. దారి లేని చోట గుర్రంతో నిలువుగా ఎక్కించాడు. రెండు గంటలు బాణం వైపే పోలేదు. ఆ కొండ వాడిని పిలిచింది. కనపడే ప్రతి శిఖరానికీ ఏదో కారణం పెట్టి, కళ్లతోనే మనిషిని లాగడం స్కైరిమ్ చేసినంత బాగా మారోవిండ్ చేయలేదు. దాన్లో దూరం అంతా పొగమంచే. అప్పటి కంప్యూటర్లకి అంతకంటే చూపించే శక్తి లేదు.

తర్వాత మేమిద్దరం ఒక పని చేశాం. హాస్ఫాట్ చెప్పే దారిని నేను తెలుగులో చదివాను, వాడు నడిచాడు. వాడు "వంతెన కనపడింది మామా" అన్నప్పుడు ఇంట్లోవాళ్లు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

మీలో ఒకరు ఇందాక అడిగారు కదా, ఈ సిరీస్‌లో రాబోయే ఆరో గేము ఎట్టా ఉండాలని? 2018 జూన్‌లో దాన్ని ప్రకటించారు, కొండలు, కోస్తా, పేరు, అంతే చూపించారు. నేను కోరేది ఒక్కటే. బాణం ఉంచండి, కావాల్సినవాళ్లు వాడుకుంటారు. దాంతో పాటు ఊళ్లో అడిగితే దారి చెప్పే మనిషిని కూడా పెట్టండి.

ఇక మాటలు చాలు. ఆ మూల రెండు కంప్యూటర్లలో మారోవిండ్ పెట్టించాను. ఓపెన్ఎండబ్ల్యూ అని స్వచ్ఛందంగా కొంతమంది ఏళ్ల తరబడి రాసిన ఉచిత ఇంజిన్, అంటే గేముని నడిపే ప్రోగ్రామ్ మీద నడుస్తోంది, పాత ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా ఆడుతుంది. గేము మాత్రం మనం కొనుక్కోవాలి. రెండింట్లోనూ మనిషి బాల్మోరాలో హాస్ఫాట్ ముందు నిలబడి ఉన్నాడు. ఆయన చెప్పే దారి తెలుగులో రాసి తెచ్చాను, ఇదిగో కాగితం. ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు చదవాలి, ఒకరు నడవాలి. చదివేవాళ్లు స్క్రీన్ వైపు చూడకూడదు. పరుగెత్తకండి, ఓపిక తగ్గుతుంది. భోజనాలకి ఇంకా గంటన్నర ఉంది. ఎవరు ముందు? నువ్వు రామ్మా, కాగితం పట్టుకో.